సోజ్నీయా, ఆరీయా, తిల్లాయా? కాశ్మీరీ శాలువా కొనేముందు ఉతుకు సంగతి చూడండి

ప్రతి డిసెంబర్‌లో మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వస్తుంది. గుమ్మంలో మూట విప్పుకుని కూర్చున్న కాశ్మీరీ అబ్బాయి, నేలంతా పరిచిన శాలువాలు, కింద మా పిన్నిదో వదినదో ఒకటే ప్రశ్న: "పష్మీనా అంటున్నాడు, రెండు వేలకి ఇస్తాడట, తీసుకోనా?" నేను ప్రతిసారీ ఎదురు అడిగేది కూడా ఒకటే, "దాన్ని ఉతికేదెవరు?" అని. రంగు బాగుందా, రేటు ఎక్కువా తక్కువా చెప్పమంటే ఉతుకు గురించి మాట్లాడుతుందేంటని విసుక్కుంటారు. కానీ మావారి ఉద్యోగం వల్ల ఆరేళ్ళు ఢిల్లీలో ఉండి, నాలుగు మంచివి కొని, రెండు పాడుచేసి, ఒకదానితో మోసపోయాక నాకు తెలిసింది ఏంటంటే, ఊలు మీద చేతిపని ఉన్న బట్టని చివరి నుంచి మొదటికి ఎంచుకోవాలి. ముందు ఎలా ఉతుకుతాం, ఎక్కడ దాస్తాం అనేది చూసుకోవాలి, తర్వాత కుట్టుపని, ఆ తర్వాత ఊలు, రంగు అన్నిటికంటే ఆఖరున. అందరూ దీన్ని తలకిందులుగా చేస్తారు, నేనూ చేశాను.

సన్మానాల్లో కప్పే శాలువాల గురించి కాదు ఇది. అవి ప్రతి తెలుగింట్లో బీరువా పైన ఒక కట్ట ఉంటాయి, ఒక సభలో మనకి కప్పింది ఇంకో సభలో మనం ఇంకొకరికి కప్పుతాం, వాటికి ఉతుకూ అక్కర్లేదు, దిగులూ అక్కర్లేదు.

ముందు ఊలు, త్వరగా

మూటలో ఉన్నవన్నీ అమ్మేవాళ్ళ నోట పష్మీనాలే. నిజానికి అందులో మూడు నాలుగు రకాలుంటాయి.

అసలు పష్మీనా లద్దాఖ్‌లోని చాంగ్‌తాంగ్ ప్రాంతంలో, నాలుగు వేల మీటర్ల పైన, చలికి తట్టుకోవడానికి అక్కడి మేకలకి పెరిగే లోపలి బొచ్చు. వసంతంలో రాలే టైములో దువ్వి తీస్తారు. పోగు మందం సుమారు 12 నుంచి 16 మైక్రాన్లు, అంటే మన తల వెంట్రుకలో నాలుగో వంతో, అంతకంటే తక్కువో. దాన్ని కాశ్మీర్‌లో ఆడవాళ్ళు రాట్నం మీద వడుకుతారు, చేమగ్గం మీద నేస్తారు. ఇంత పని ఉన్నది రెండు వేలకి రాదు, ఎవరు ఎంత ఒట్టు పెట్టినా రాదు. కాశ్మీర్ పష్మీనాకి 2008లో జీఐ గుర్తింపు (ఆ ప్రాంతపు సరుకేనని చెప్పే భౌగోళిక సూచిక) వచ్చింది, శ్రీనగర్‌లోని క్రాఫ్ట్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్‌లో పరీక్ష చేసి, పోగు మందం సరిపోయి, చేత్తో వడికి చేత్తో నేసిందని తేలితే లేబుల్ వేస్తారు. పెద్ద డబ్బు పెట్టేటప్పుడు ఆ లేబుల్ అడగండి, సిగ్గుపడకండి. మెషీన్ మీద వడికిన పష్మీనా కూడా ఉంటుంది. అంత సన్న పోగు మెషీన్ లాగుడికి తెగిపోతుంది కాబట్టి కొందరు నైలాన్ కలిపి వడికి, నేశాక యాసిడ్‌తో ఆ నైలాన్ తీసేస్తారు, ఆ దెబ్బకి బట్ట బలం తగ్గుతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, మూడో చలికాలానికి తేడా తెలుస్తుంది.

తర్వాతది రఫల్. సన్నటి మెరీనో ఊలు, మెషీన్ నేత. దీన్ని తక్కువగా చూస్తారు గానీ, నా లెక్కలో మన వాతావరణానికి, మన వాడకానికి సరిపోయేది ఇదే. "సెమీ పష్మీనా" అని చెప్పేది ఒక్కోచోట ఒక్కోటి, ఆ మాటకి పట్టుకోవడానికి అర్థమేమీ లేదు. ఇక మిగిలింది విస్కోస్, అక్రిలిక్. నేను మోసపోయింది విస్కోస్‌తోనే, అసలు పష్మీనా ఉంగరంలోంచి దూరుతుందంటూ అమ్మేవాడు దూర్చి చూపించాడు, నోరు తెరుచుకుని చూశాను. పల్చగా జారే బట్ట ఏదైనా ఉంగరంలోంచి దూరుతుంది, మా అమ్మాయి చున్నీ కూడా దూరింది. అసలు పష్మీనాకే నిండా కుట్టుపని ఉంటే దూరదు.

అంచు నుంచి రెండు పోగులు లాగి కాల్చి చూడటం మేలు. ఊలైతే జుట్టు కాలిన కంపు, నలిపితే పొడైపోయే బూడిద. విస్కోస్ కాగితం కాలిన వాసన వస్తుంది. అక్రిలిక్ కరిగి గట్టి పూసలా అవుతుంది. ఇది ఊలా కాదా అన్నదే చెబుతుంది, పష్మీనానా రఫలా అన్నది చెప్పదు, అది గుర్తుంచుకోండి. "షాతూష్" అని గుసగుసగా ఎవరైనా చూపిస్తే లేచి వచ్చేయండి. అది టిబెట్ జింక చిరూని చంపి తీసే బొచ్చు, అమ్మడమే నేరం.

అసలు ఎంపిక కుట్టుపనిలో ఉంది

ఇక్కడ కాస్త నిలబడదాం, ఎందుకంటే శాలువా ఎన్నేళ్ళు ఉంటుంది, దాన్ని నీళ్ళలో పెట్టొచ్చా లేదా, బస్సులో కప్పుకోవచ్చా, పెళ్ళికే దాచుకోవాలా అన్నవన్నీ తేల్చేది ఊలు కంటే దాని మీద ఉన్న దారమే.

సోజ్నీ అంటే సూది పని. మామూలు సన్న సూదితో, సన్న పట్టు దారమో నూలు దారమో పెట్టి, బట్ట పోగుల మధ్య చిన్న చిన్న కుట్లు వేస్తారు. దగ్గరగా చూస్తే గానీ కుట్టని తెలీదు, అచ్చు వేశారేమో అనిపిస్తుంది. అంచు మాత్రమే పని ఉన్నవి, ఒళ్ళంతా బుటీలున్నవి, తీగలు అల్లుకుపోయిన జాల్, ఇక మొత్తం నింపేసే జామావార్ అని పని పెరిగేకొద్దీ పేరూ రేటూ మారతాయి. అంచు పనికి నెలలు, జామావార్‌కి ఏళ్ళు. కొన్ని రెండు వైపులా ఒకేలా ఉంటాయి, దోరుఖా అంటారు. సోజ్నీలో నాకు నచ్చేది అందం ఒక్కటే కాదు, కుట్టు బట్టకి అంటిపెట్టుకుని ఉంటుంది, పైకి లేచి ఉండదు, అందుకని గాజులకీ వాచీకీ తొందరగా చిక్కదు. పనిని బట్టి చూస్తే ఇంత సున్నితమైంది వాడకంలో గట్టిది కావడం విచిత్రమే. బలహీనత దారం రంగులో ఉంటుంది. ముదురు ఎరుపు, మెరూన్, నీలం దారాలు మొదటి తడికి దిగే ప్రమాదం ఉంది.

ఆరీ మనవాళ్ళకి చెప్పక్కర్లేదు, బ్లౌజుల మీద మగ్గం వర్క్ చేసే కొక్కెం సూది కుటుంబమే. గొలుసు కుట్టు, పెద్ద పెద్ద పూలు, చినార్ ఆకులు, ముదురు రంగులు, దూరం నుంచి కనిపిస్తుంది. పని త్వరగా సాగుతుంది కాబట్టి రేటు తక్కువ. సాధారణంగా రఫల్ మీదో ఇంకాస్త మందం ఊలు మీదో చేస్తారు. రోజువారీ వాడకానికి ఇదే నా ఓటు. ఒక్క చిక్కుంది, గొలుసు కుట్టు ఒకచోట తెగి కొస దొరికితే స్వెట్టర్ ఊడినట్టు జరజరా ఊడిపోతుంది. తెగిన చోట కొసని సూదితో వెనక్కి లాగి వెంటనే ముడేయాలి. "తర్వాత చూద్దాంలే" అనుకుంటే పువ్వు మొత్తం పోతుంది, నాకు ఒకటి సగం పోయింది.

తిల్లా అంటే జరీ. బంగారు, వెండి రంగు తీగని బట్ట పైన పరిచి, కింద నుంచి సన్న దారంతో అక్కడక్కడ పట్టుకుట్లు వేస్తారు. తీగ బట్టలోకి దిగదు, పైనే పడుకుని ఉంటుంది. అందుకే ఆ మెరుపు, అందుకే ఆ కష్టాలు కూడా. పట్టుకుట్టు ఒకటి తెగితే తీగ లేస్తుంది, లేచిన తీగ దేనికైనా తగులుతుంది. అత్తరు, సెంటు, చెమట తగిలితే నల్లబడుతుంది. ఇప్పుడు ఎక్కువగా దొరికేది వెండి తీగ కాదు, లోహం పూత వేసిన దారమే, ఆ పూత మడతల దగ్గర పగులుతుంది. పెళ్ళిలో రెండు గంటలు వేసుకుని తీసేసే మనిషికి తిల్లాని మించింది లేదు. ఆఫీసుకి వేసుకెళ్దామనుకునేవాళ్ళు మాత్రం దాని జోలికి పోకండి.

"కానీ" అనే పేరుతో ఇంకో రకం శాలువా ఉంది, దాన్ని ఈ లెక్కలో కలపకూడదు, అది కుట్టు కాదు, నేత. చిన్న చిన్న చెక్క పుల్లలకి రంగు పోగులు చుట్టి మగ్గం మీదే డిజైన్ నేస్తారు, కనీహామా ఊరు దానికి పేరు. కొందరు "కానీ" శాలువా రేటు చెప్పి జాకార్డ్ మెషీన్ నేత అంటగడతారు, అది వేరే కథ.

మెషీన్ ఎంబ్రాయిడరీనా చేతిపనా తెలుసుకోవాలంటే తిప్పి వెనక చూడండి. మెషీన్‌దైతే వెనకంతా ఒకే రంగు అడుగు దారం, చాలాసార్లు తెల్లది, సైన్యంలా వరుసగా ఉంటుంది, పది పూలూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. చేతిపనిలో పక్కపక్క పూలే కాస్త తేడాగా ఉంటాయి, ఒకచోట ఆకు కొంచెం లావు, ఇంకోచోట దారం అయిపోయి ఇంకో ఛాయ వేసి ఉంటుంది. కింద మసక గీతలు కనబడితే కంగారుపడకండి, అది డిజైన్ అచ్చు వేసిన గుర్తు, పోతుంది. గొలుసు కుట్టు వేసే మెషీన్లూ ఉన్నాయి కాబట్టి ఆరీలో మోసం పట్టుకోవడం కష్టం, సోజ్నీలో తేలిక. మెషీన్‌ది కొంటే తప్పేం లేదు, మెషీన్ రేటే ఇవ్వండి.

శాలువానా, స్టోలా, ఫెరనా

ఆడవాళ్ళ శాలువా సుమారు ఒక మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవు. స్టోల్ పొడవు అదే, వెడల్పు డెబ్బై సెంటీమీటర్లు. మగవాళ్ళ సైజు ఇంకా పెద్దది. మన దుశ్శాలువా అన్న మాట దోశాలా (రెండు శాలువాలు) నుంచి వచ్చిందే, ఒకప్పుడు జతగా కొనేవాళ్ళు. చీర మీదకి స్టోల్ చాలదు, భుజం జారుతుంది, శాలువానే కావాలి. జీన్స్ మీదకి, అమెరికాలో కోటు లోపలికి అయితే స్టోల్ మేలు, శాలువా ఉండచుట్టుకుపోయి పైపని అంతా కోటు జిప్పుకి రాసుకుంటుంది.

ఫెరన్ అంటే కాశ్మీరీలు వేసుకునే పొడుగాటి వదులు అంగీ. దాని మీద నాకు మోజు ఎక్కువ, అయినా నిజం చెబుతాను. శ్రీనగర్ చలికాలంలో అది లోకంలో అన్నిటికంటే తెలివైన బట్ట, వదులుగా ఉండి లోపల కాంగ్డీ నిప్పుల కుంపటి పెట్టుకోవడానికి కూడా చోటిస్తుంది. వాళ్ళు దాని లోపల పూట్స్ అని పల్చటి నూలు ఫెరన్ ఇంకోటి వేసుకుంటారు, చెమట, నూనె దానికే అంటుకుంటాయి, ఊలు ఫెరన్‌ని మాటిమాటికీ ఉతికే పని ఉండదు. ఈ ఒక్క తెలివి మనం నేర్చుకుంటే చాలు, ఊలు ఏదైనా లోపల నూలు ఉండాలి. కానీ హైదరాబాద్‌లో నిండు ఊలు ఫెరన్ ఎన్ని రోజులు వేస్తారు? నేను మెడా చేతుల నిండా తిల్లా ఉన్నది మోజుపడి తెచ్చుకున్నాను, పదకొండేళ్ళలో ఏడుసార్లు వేశాను. లెక్క పెట్టుకోవడం నా తప్పే. సరదా పడితే పల్చటి రఫల్ మీద ఆరీ పని ఉన్న ఫెరన్ తీసుకోండి, లంబసింగికో అరకుకో ఆదిలాబాద్‌కో వెళ్ళినప్పుడు పనికొస్తుంది.

ఉతుకు, చిక్కంతా ఇక్కడే

ఊలు పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడి నీళ్ళలో వేసి రుద్దితే అవి ఒకదానికొకటి తగులుకుని బిగుసుకుంటాయి, బట్ట కుంచించుకుపోయి గట్టి అట్టలా అవుతుంది, మళ్ళీ వెనక్కి రాదు. మా అత్తయ్య అమెరికా వెళ్ళినప్పుడు ఆరీ శాలువా ఒకటి మిగతా బట్టలతో పాటు డ్రయ్యర్‌లో పడింది, బయటికి వచ్చేసరికి బొమ్మల కొలువులో పెట్టుకునేంత అయింది. పూలు మాత్రం చెక్కుచెదరలేదు, చుట్టూ బట్టే ముడుచుకుపోయి అవి ఉబ్బి నిలబడ్డాయి.

రఫల్ మీద ఆరీ అయితే ఇంట్లో ఉతకొచ్చు. ముందు తెల్ల నూలు గుడ్డ తడిపి, లోపలి వైపు ముదురు రంగు దారం మీద అదిమి పట్టి చూడండి, రంగు అంటితే ఆపేయండి. అంటకపోతే టబ్బులో చన్నీళ్ళు, ఈజీ లాంటి ఊలు బట్టల లిక్విడ్ కొంచెం, అయిదు నిమిషాలు. రుద్దొద్దు, పిండొద్దు, అరచేతులతో అదమండి అంతే. మామూలు సర్ఫు పొడి వద్దు, అందులో క్షారం ఎక్కువ, పైగా చాలావాటిలో మరకలు పోగొట్టడానికి వేసే ఎంజైములు గుడ్డు మరకనీ ఊలునీ ఒకేలా చూస్తాయి, రెండూ ప్రోటీనే మరి. బ్లీచ్ అయితే ఊలుని కరిగించేస్తుంది. నీళ్ళోంచి తీసేటప్పుడు ఒక కొస పట్టుకుని ఎత్తకండి, తడి బరువుకి సాగుతుంది, రెండు చేతుల మీదా పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తి తువ్వాల్లో చుట్టి అదిమి, నీడలో పరిచి ఆరబెట్టాలి. తీగ మీద వేలాడదీస్తే మధ్యలో గీత, కొసలు సాగడం రెండూ ఖాయం.

పష్మీనా మీద సోజ్నీ అయితే నేను నీళ్ళలో పెట్టను. బట్ట తట్టుకుంటుంది, దారం రంగు సంగతే భయం. సీజన్ అంతా వాడి ఆఖరున ఒకసారి డ్రైక్లీనింగ్. తిల్లాకి అసలు నీళ్ళు చూపించకూడదు. డ్రైక్లీనింగ్‌కి ఇచ్చేటప్పుడు కూడా జరీ ఉందని నోటితో చెప్పి, బిల్లు మీద రాయించండి. నేను చెప్పకుండా ఇచ్చిన ఫెరన్‌ని ఒక షాపులో జరీ వైపు నుంచే వేడి ఇస్త్రీ నొక్కేశారు, మెడ దగ్గర తీగ చదునైపోయి మెరుపు పోయింది. అడిగితే "ఊలు బట్టే కదా మేడమ్" అన్నారు. ఇస్త్రీ ఎప్పుడూ తిరగేసి, పైన నూలు గుడ్డ వేసి, తక్కువ వేడి మీదే.

ఉతుకు తగ్గించుకోవడానికి కట్టుకోవడంలోనే జాగ్రత్త పడొచ్చు. మన ఇళ్ళల్లో శాలువాకి మొదటి శత్రువు చలి కాదు, కొబ్బరినూనె. జడ వెనక్కి వేసుకుని శాలువా కప్పితే మెడ దగ్గర నూనె పట్టి, దానికి దుమ్ము పట్టి, నల్లటి చార పడుతుంది. జడ బయటికి తీసి శాలువా మీద వేయడం కూడా పరిష్కారం కాదు, జుట్టు కింద ఒక నూలు చున్నీ మడత ఉంచండి. కుంకుమ, విభూతి, గంధం చేతులతో సర్దుకోవద్దు. సెంటు ముందు కొట్టుకుని, ఆరాక కప్పుకోండి. సేఫ్టీ పిన్ను అస్సలు వద్దు. హ్యాండ్‌బ్యాగు పట్టీ రాసుకునే భుజం మీద ముందు ఉండలు కడుతుంది. ఆ ఉండలు కట్టడం కొత్త ఊలుకి మామూలే, బ్లేడుతో గీకకుండా నెమ్మదిగా దువ్వెనతో తీయండి, కుట్టుపని మీద దాన్ని కూడా తిప్పొద్దు. ఇంటికి రాగానే బీరువాలో పెట్టేయకండి, రాత్రంతా కుర్చీ మీద గాలికి వదిలితే సగం వాసన దానంతట అదే పోతుంది.

దాచడం

మా తాతగారి గొంగడి వానకీ ఎండకీ పొలంలోనే పడి ఉండేది, దానికి పురుగు పట్టలేదు. రోజూ వాడే ఊలు జోలికి పురుగు రాదు, చీకట్లో కదలకుండా పది నెలలు పడి ఉన్నదాని జోలికే వస్తుంది. తినేది ఎగిరే చిమ్మెట కాదు, అది పెట్టిన గుడ్లలోంచి వచ్చే పిల్ల పురుగు, అదీ చెమట, తిండి మరకలు ఉన్నచోట ముందు మొదలుపెడుతుంది. అందుకే మురికిగా దాచొద్దు అనేది.

పాత నూలు పంచె గంజి లేకుండా ఉతికి, అందులో చుట్టండి. గంజి ఉంటే పుస్తకాల్లో జారుతూ తిరిగే వెండి రంగు పురుగుని మనమే పిలిచి భోజనం పెట్టినట్టు. ప్లాస్టిక్ కవర్లు వద్దు, విశాఖ, కాకినాడ వైపు అయితే మరీ వద్దు, వానాకాలం చెమ్మ లోపలే ఉండి బూజు పడుతుంది. తిల్లా ఉన్నదాన్ని జరీ మీద జరీ పడకుండా మధ్యలో నూలు గుడ్డ వేసి మడవండి. హ్యాంగర్‌కి తగిలించొద్దు. పట్టుచీరలకి చేసినట్టే మూడు నెలలకోసారి తీసి, నీడలో దులిపి, మడత మార్చి పెట్టాలి, అన్నిటికంటే బాగా పనిచేసేది ఇదే. కలరా ఉండలు నేను మానేశాను, వాసన ఒక ఏడాది పోదు, పైగా పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పసిపిల్లలకి ఆ ఉండలు ప్రమాదం, ఇంట్లో చంటిబిడ్డ ఉంటే అసలు వద్దు. ఎండిన వేపాకు, లవంగాలు చిన్న మూటకట్టి పెడతాను. కాశ్మీర్‌లో పాతకాలం శాలువా వ్యాపారులు కుఠ్ వేరు వేసేవారు, మన పచారీ కొట్లలో చెంగల్వ కోష్టు పేరుతో దొరికేది అదే. వాసన పురుగుని రానివ్వకుండా కొంత ఆపుతుంది, ఇప్పటికే ఉన్న గుడ్లని చంపదు.

ఎవరికి ఏది

ఒక్కటే కొనగలను, ఏది కొనమంటావంటే, రఫల్ మీద అంచు వరకే సోజ్నీ. కాస్త ముదురు నేల రంగు, దానికి దగ్గరి ఛాయ దారం, రంగు దిగినా కనబడదు. ఏసీ ఫంక్షన్ హాల్లోనూ బాగుంటుంది, రైల్లోనూ బాగుంటుంది. అమెరికాలో ఉన్న కూతురికి పంపాలంటే ఆరీ స్టోల్, ఎందుకంటే అక్కడ ఎవరూ దాన్ని ముద్దు చేయరు, గట్టిది కావాలి, డ్రయ్యర్‌లో వేయొద్దని మాత్రం చీటీ రాసి పెట్టండి. అమ్మానాన్నల షష్టిపూర్తికి అయితే డబ్బు ఉంటే లేబుల్ ఉన్న పష్మీనా, అంచు సోజ్నీ. డబ్బు లేకపోతే మంచి రఫల్, రెండిటి మధ్యలో "సెమీ" ఏదో తీసుకుని ఇబ్బంది పడొద్దు. తిల్లా పెళ్ళికూతురికి, అదీ ఇంట్లో దాచే ఓపిక ఉన్నవాళ్ళకి. హైదరాబాద్ వాళ్ళకి ఏటా జనవరిలో మొదలయ్యే నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో కాశ్మీరీ స్టాళ్ళు వరుసగా ఉంటాయి, ఒకే రోజు పది స్టాళ్ళు తిరిగి వెనక వైపులు చూసి రండి, కొనకండి. రెండోసారి వెళ్ళినప్పుడు కొనండి. పగటి వెలుగులోనే వెళ్ళండి, రాత్రి బల్బుల కింద మెరూనూ ఎరుపూ ఒకటే.

చిన్న రంధ్రం పడితే టైలర్ దగ్గరకి కాదు, రఫూ చేసేవాళ్ళ దగ్గరకి తీసుకెళ్ళండి, అదే రంగు పోగు అంచు నుంచి తీసి నేసినట్టు కలిపేస్తారు. రంధ్రం ఉందంటే పురుగు ఇంకా ఉందేమో అనుకోవాలి. అప్పుడు శాలువాని గాలి తీసిన కవర్లో గట్టిగా మూసి, ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి, తీశాక కవరు వెంటనే విప్పకుండా ఒక రోజు బయట పెట్టండి, లేకపోతే నీటి చెమ్మ బట్ట మీద పడుతుంది. తిల్లా ఉన్నదాన్ని మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకండి. మొన్న నా సోజ్నీది అలా పెడితే, ఐస్‌క్రీమ్ కోసం ఫ్రీజర్ తీసిన మా పిన్ని బఠాణీల ప్యాకెట్ పక్కన దాన్ని చూసి, రెండు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా మూసేసి, మా అమ్మకి ఫోన్ చేసింది.